పొద్దుతిరుగుడు చేనుకు తేనెటీగల పెట్టెలను అద్దెకు తీసుకోవడం గిట్టుబాటవుతుందా?

ప్రశ్న – సిద్దిపేట రైతు
నమస్కారం. మేము ఏటా యాసంగిలో నాలుగు ఎకరాల పొద్దుతిరుగుడు వేస్తున్నాము. రెండేళ్లుగా పువ్వు పెద్దదిగానే వస్తున్నా నడుమ భాగంలో తాలు గింజలే ఎక్కువగా ఉంటున్నాయి. ఇదివరకు పూత సమయంలో ఉదయం పూట చేతికి పలుచని గుడ్డ చుట్టుకొని పువ్వులను రుద్దించేవాళ్లము, ఇప్పుడు ఆ పనికి కూలీలు దొరకడం లేదు. ఒక తేనెటీగల పెంపకందారు పూత కాలమంతా పెట్టెలను అద్దెకు ఉంచుతానంటున్నారు. తేనె ఆయనదే, పైగా అద్దె మేము ఇవ్వాలి. ఎకరానికి ఎన్ని పెట్టెలు కావాలో, ఈ ఖర్చు తిరిగి వస్తుందో లేదో తెలిసినవారు చెప్పగలరు.

జవాబు – వ్యవసాయ విస్తరణ విద్యార్థి
పొద్దుతిరుగుడుకు సాధారణంగా హెక్టారుకు 5 పెట్టెలు సిఫారసు చేస్తారు, అంటే ఎకరానికి రెండు. అయితే తాలు గింజలన్నిటికీ పరాగసంపర్కం లోపమే కారణం కాదండి. గింజ కట్టే దశలో నీటి ఎద్దడి వచ్చినా, బోరాన్ లోపించినా నడుమ భాగం తాలు పోతుంది, దానికి తేనెటీగలు ఏమీ చేయలేవు. పైగా నేటి హైబ్రిడ్లలో కొన్ని తమ పుప్పొడితోనే చాలావరకు గింజ కడతాయి. అందుచేత డబ్బు ఇచ్చే ముందు, ముందుగా పూసే మడిలో పది పువ్వులను గుడ్డతో రోజు మార్చి రోజు రుద్ది గుర్తు కట్టండి. పక్కనున్న పువ్వులను అలాగే వదిలేసి, కోతప్పుడు రెండింటి గింజలనూ పోల్చి చూడండి. రుద్దినవి బాగా నిండి, వదిలేసినవి తాలు పోతే మీ చేనుకు ఈగలు చాలడం లేదన్నమాట. తేడా లేకపోతే అద్దె దండగ.

జవాబు – తేనెటీగల పెంపకందారు
పెట్టెలు ఇస్తానన్నది నేనే. పై సలహా సరైనదే, నా వ్యాపారానికి కాస్త నష్టమైనా! పెట్టెల లెక్క కంటే వాటిలోని బలం ముఖ్యం. మూత తీయించి చూడండి: ఏడెనిమిది చట్రాల (ఈగలు తెట్టె కట్టే చెక్క ఫ్రేముల) నిండా ఈగలు, వాటిలో సగానికి పిల్ల పురుగులు ఉండాలి, ఎందుకంటే పుప్పొడి కోసం ఎక్కువగా తిరిగేది పిల్లలను సాకే ఈగలగుంపే. ఖాళీ పెట్టెకు అద్దె ఇవ్వకండి. చేనులో పదో వంతు పూలు విచ్చుకున్నాక, రాత్రిపూట తెప్పించుకోవాలి. ముందే తెస్తే అవి చుట్టుపక్కల పూలకు అలవాటు పడతాయి. పెట్టెలను గట్ల మీద నీడలో, రెండు మూడు చోట్ల పెట్టించి, దగ్గరలో తొట్టెలో నీళ్లు ఉంచండి.

సిద్దిపేట రైతు
ధన్యవాదాలండి. తామర పురుగులకు పూతలో కూడా మందు కొట్టవలసి వస్తోంది. సాయంత్రం కొడితే సరిపోతుందా?

జవాబు – తేనెటీగల పెంపకందారు
అన్ని మందులకూ సరిపోదండి. ఇమిడాక్లోప్రిడ్, థయామెథాక్సామ్ వంటివి మొక్కలోకి ఇంకి మకరందంలోకీ చేరతాయి కాబట్టి పొద్దు వాలాక కొట్టినా మరునాడు ప్రమాదమే. ఐరోపా సమాఖ్య 2018లో వీటిని ఆరుబయట పొలాల్లో వాడకుండా నిషేధించింది కూడా ఈ ముప్పు వల్లనే. పురుగుల పని పూతకు ముందే ముగించండి. తప్పనిసరైతే ముందు రోజే నాకు చెప్పండి, పెట్టెలు తరలిస్తాను. తరలించకుండా ఎండలో పెట్టెల ద్వారాలు మూసి ఉంచితే ఈగలు ఉక్కకే చనిపోతాయి. తేనెటీగలు రెండు మూడు కిలోమీటర్లు తిరుగుతాయి కనుక పక్క చేలవారితోనూ మాట్లాడాలి. ఈ షరతులను, పెట్టెలు దెబ్బతింటే నష్టం ఎవరు భరించాలన్నదానితో సహా, అద్దె మాట్లాడుకునేటప్పుడే కాగితం మీద రాసుకుందాము.