పెయింటింగ్ ట్రైనింగ్‌తో టీమ్‌వర్క్ వస్తుందా? గదికంతా కలిపి ఒకే మార్కు వేయొచ్చా?

కోర్సు ట్రైనర్:
పెయింటింగ్, డెకరేటింగ్ కోర్సు చెప్తాను. నలుగురికి ఒక గది అప్పగించి, గదికి ఎంత మార్కు వస్తే నలుగురికీ అంతే వేద్దామని తోటి ట్రైనర్లు అంటున్నారు. అప్పుడే కలిసి పనిచేయడం నేర్చుకుంటారట. నాకు పూర్తిగా నమ్మకం కుదరడం లేదు. మీరేమంటారు?

పరీక్షలకు వెళ్లే ఎగ్జామినర్:
నేను ఒప్పుకోనండి. చేయి తిరిగినవాడు రోలర్ పట్టుకుంటాడు. మెతకగా ఉండే పిల్లాడికి గోడ రుద్దడం, బ్రష్‌లు కడగడం మిగులుతుంది. కోర్సు అయ్యేసరికి వాడు ఒక్క గోడ కూడా మొదటి నుంచి చివరిదాకా వేసి ఉండడు. ఫ్రాన్స్‌కు చెందిన వ్యవసాయ ఇంజినీరు రింగెల్‌మన్ తాడు లాగే ప్రయోగాలు చేసి 1913లో ప్రచురించాడు. మనుషులు పెరిగేకొద్దీ ఒక్కొక్కరు లాగే బలం తగ్గింది. వరల్డ్‌స్కిల్స్ అనే అంతర్జాతీయ వృత్తి నైపుణ్య పోటీల్లో మెకట్రానిక్స్‌కి (యంత్రాలు, ఎలక్ట్రానిక్స్ కలిసిన పని) ఇద్దరి జట్టు ఉంటుంది, పెయింటింగ్ అండ్ డెకరేటింగ్‌లో మాత్రం ఎవరికి వారే పోటీ పడతారు. ముందు చేతికి పని రావాలి.

సైట్ మేస్త్రీ:
ఎగ్జామినర్ గారూ, తాడు లాగేటప్పుడు అందరిదీ ఒకే పని, ఎవరెంత లాగారో విడిగా కనిపించదు. గోడ అలా కాదు. లప్పం సరిగ్గా రుద్దకపోతే ప్రైమర్, అంటే రంగుకు ముందు పూత, వేసేవాడికి తెలుస్తుంది. ప్రైమర్ ఆరకముందే రంగు వేస్తే గోడే చెబుతుంది.

ఒక ఉదాహరణ చెప్తాను. ఒకరు సీలింగ్ పక్కన, మూలల్లో బ్రష్‌తో అంచులు వేస్తారు, ఇంకొకరు రోలర్‌తో మిగతా గోడ నింపుతారు. ఎమల్షన్ నీటితో చేసిన రంగు, వేడిగా ఉన్న రోజు అంచు నిమిషాల్లో ఆరిపోతుంది. బ్రష్ పట్టినవాడు గది చుట్టూ తిరిగొచ్చాక రోలర్ మొదలుపెడితే, ఫొటోకి ఫ్రేమ్ కట్టినట్టు అంచంతా చార కనిపిస్తుంది. అందుకని బ్రష్ రెండు మూడు అడుగులు ముందుంటే చాలు, రోలర్ వెనకాలే రావాలి. ఒకడు ఆగితే రెండోవాడూ ఆగాలి. ఈ లెక్క మాటలతో చెబితే ఎక్కదు, చార పడ్డ గోడ మళ్లీ వేస్తే ఎక్కుతుంది.

నేర్చుకునే రోజుల్లో నేనూ, నా జోడీ చెరో బకెట్ తీసుకుని చెరో గోడ వేశాం. రెండు బకెట్లూ కలిపి తిప్పుకోలేదు. మూల దగ్గర షేడ్ తేడా వచ్చింది. తప్పు ఇద్దరిదీ, ఎందుకంటే ఇద్దరం ఒకరినొకరు అడగలేదు. ఆ రోజు ఎంత బాధపడ్డానో ఇప్పటికీ గుర్తుంది.

స్కూల్ టీచర్:
మేస్త్రీ గారు చెప్పింది జోడీలో పని. నలుగురైతే వేరు. నా అనుభవంలో నోరున్న పిల్లలే పనులు పంచేస్తారు, మాట్లాడని పిల్ల ఎప్పుడూ నేల మీద గుడ్డలు పరుస్తూనే ఉంటుంది. పనులు మార్చి మార్చి ఇవ్వకపోతే దాన్ని టీమ్‌వర్క్ అనకండి.

పరీక్షలకు వెళ్లే ఎగ్జామినర్:
అంచు ఆరే విషయంలో మేస్త్రీ గారి మాట ఒప్పుకుంటాను. అయినా మార్కు కలిపి వేయడం అన్యాయమే. పని రాని పిల్లాడికి సర్టిఫికెట్ ఇస్తే రేపు సైట్ మీద వాడే అవమానపడతాడు.

సైట్ మేస్త్రీ:
మార్కు కలపమని నేనూ అనడం లేదండీ. గోడ చేతులు మారే చోట మార్కు పెట్టండి. ప్రైమర్ వేసేవాడు టార్చి గోడకు ఆనించి ఏటవాలుగా వేసి చూడాలి, గీతలు, గుంటలు అన్నీ బయటపడతాయి. బాగుంటేనే గోడ తీసుకోవాలి, లేకపోతే ఎందుకు తీసుకోలేదో మర్యాదగా చెప్పాలి. స్నేహితుడికి "ఇది మళ్లీ రుద్దరా" అని చెప్పడం చాలా కష్టం. అదే నేర్పాలి.

కోర్సు ట్రైనర్:
ఇది నాకు నచ్చింది. వచ్చే బ్యాచ్‌లో జోడీలుగా పెడతాను, ప్రతి గోడకీ పనులు మారతాయి. ఎవరి దగ్గర ఎవరు గోడ తీసుకున్నారో కాగితం మీద సంతకాలు ఉంటాయి. చివరి పరీక్షలో మాత్రం ఒక్కొక్కరూ ఒక గోడ సొంతంగా వేయాలి. వాల్‌పేపర్‌కి ఏం చేయాలో ఇంకా తేల్చుకోలేదు, పొడవాటి షీట్ ఒక్కరే పట్టుకోవడం కొత్తవాళ్లకు కష్టం. దాన్ని జోడీ పరీక్షగా ఉంచితే ఎగ్జామినర్ గారికి అభ్యంతరమా?