చిన్న వ్యాపారి చుట్టుపక్కల వారికి చేసే సహాయం నిలకడగా సాగాలంటే ఏం చేయాలి?

అందరికీ నమస్కారం. నేను ఒక చిన్న ముద్రణాలయం నడుపుతున్నాను. చుట్టుపక్కల వారి ఆదరణతోనే ఇది నిలబడింది కాబట్టి, నా వంతుగా వారికి ఏదైనా చేయాలని బలంగా కోరుకుంటున్నాను. కాగితం కత్తిరించగా మిగిలే వెడల్పాటి ముక్కలను వృథాగా పోనివ్వకుండా కుట్టించి, చిత్తు పుస్తకాలుగా బడిపిల్లలకు ఇస్తున్నాము; అంచులు కాస్త ఎగుడుదిగుడుగా ఉన్నా వారు ఇష్టంగానే రాసుకుంటున్నారు.

డబ్బు రూపంలో చేసే సహాయం విషయంలోనే నాకు స్పష్టత లేదు. అమ్మకాలలో ఇంత శాతమని నిర్ణయించుకుంటే నష్టం వచ్చిన నెలలో కూడా ఇవ్వవలసి వస్తుంది. లాభంలో వాటా అనుకుంటే, బాకీలు వసూలు కానప్పుడు లెక్కల్లో లాభం కనిపించినా చేతిలో నగదు ఉండదు. పనివారి జీతాలు ఆపి దానం చేయడం మాత్రం నా దృష్టిలో తగని పని. ఇటువంటి ఒడుదుడుకులను తట్టుకునేందుకు విడిగా ఒక నిధి పెట్టుకున్నవారు ఎవరైనా ఉంటే, అందులో ఎప్పుడు, ఏ లెక్కన జమ చేస్తున్నారో దయచేసి తెలియజేయగలరు.

డబ్బు ఇవ్వడం కంటే ఒకరిద్దరు యువకులకు పని నేర్పడమే ఎక్కువ మేలు చేస్తుందని కూడా నాకు అనిపిస్తోంది. నేర్చుకునే కాలంలో వారికి భత్యం ఎలా నిర్ణయించాలో, కత్తిరింపు యంత్రం దగ్గరికి వారిని ఏ దశలో పంపవచ్చో అనుభవజ్ఞులు వివరించగలరని కోరుతున్నాను.