వాలెస్ పుస్తకంలో ఒరాంగుటాన్ పిల్ల దగ్గర ఆగిపోయాను

రేవతి_కె
ఇంగ్లండ్ ప్రకృతి శాస్త్రవేత్త ఆల్ఫ్రెడ్ వాలెస్ రాసిన యాత్రా పుస్తకం 'మలయ్ ఆర్కిపెలాగో' (1869) చదువుతున్నాను. 1855లో బోర్నియో దీవిలోని సరవాక్‌లో, సిముంజోన్ దగ్గర ఓ తల్లి ఒరాంగుటాన్‌ని కాల్చాడు. కింద బురదలో బోర్లా పడున్న పిల్లని ఎత్తుకుంటే అది ఆయన గడ్డం పట్టుకుని ఓ పట్టాన వదల్లేదు. పాలు దొరక్క గంజి పట్టాడు. కరుచుకుని పడుకోడానికి గేదె చర్మంతో ఉత్తుత్తి తల్లిని చేసిచ్చి, బొచ్చు నోట్లోకి పోయి ఉక్కిరిబిక్కిరవుతోందని మళ్ళీ విప్పేశాడు. దాదాపు మూడు నెలలకి అది చచ్చిపోతే తోలూ ఎముకలూ భద్రం చేశాడు. చెట్టు మీంచి పడ్డప్పుడే దాని చెయ్యీ కాలూ విరిగి అతుక్కున్నాయని అప్పుడు బయటపడింది. ఇదంతా ఇంత మామూలుగా ఎలా రాశాడండీ? ఆ కాలం వాళ్ళంతా ఇంతేనా?

పాత అట్టలు
అందర్నీ ఒకే గాటన కట్టలేమండీ. జర్మన్ శాస్త్రవేత్త హంబోల్ట్‌కి ఆస్తి ఉంది, 1799లో సొంత డబ్బుతో దక్షిణ అమెరికా వెళ్ళాడు. వాలెస్‌కి అంత సీన్ లేదు. శామ్యూల్ స్టీవెన్స్ అనే ఏజెంటు లండన్‌లో ఈయన పంపిన పిట్టల్నీ పురుగుల్నీ అమ్మి డబ్బు పంపితేనే పూట గడిచేది. అంతకుముందు అమెజాన్‌లో పోగేసినవి చాలావరకు 1852లో ఓడతో సహా తగలబడిపోయాయి. మలయ్ దీవుల్లో ఎనిమిదేళ్ళకి 1,25,660 నమూనాలు!

అయినా బతుకుతెరువు అనేసి సరిపెట్టుకోలేను నేను. నాకు నచ్చేది వేరే: చేసింది దాచడు. మీరడిగిన ఆ విరిగిన ఎముకల సంగతి రాయకపోతే మనకి తెలిసేదే కాదు కదా.

1857లో న్యూగినీ దగ్గరున్న అరూ దీవుల భాగం దాకా వెళ్ళండి. కింగ్ బర్డ్ ఆఫ్ ప్యారడైజ్ అనే స్వర్గపక్షి ఆయన చేతికొస్తుంది. ఒళ్ళంతా నిగనిగలాడే ఎరుపు, తెల్లటి పొట్ట, తోకలోంచి సన్నటి తీగలు రెండు, వాటి కొసల్లో చుట్ట చుట్టుకున్న ఆకుపచ్చటి బిళ్ళలు. అంతా వర్ణించి, నాగరికులు ఈ అడవుల్లో అడుగుపెడితే ఇవి మిగలవు, ఇవి మనిషి కోసం పుట్టినవి కావు అంటాడు. చచ్చిన పిట్టని ముందు పెట్టుకుని! ఆ పేజీ దగ్గర ఆయన మీద కోపమూ వస్తుంది, పుస్తకం మూయనూ లేం.

తూనీగ
చిన్న చేర్పు. ఆ పిట్టని కొట్టి తెచ్చింది బదెరూన్ అనే కుర్రాడు. 1858లో బచాన్ దీవిలో ఎవరూ ఎరగని ఇంకో స్వర్గపక్షిని నడుముకి వేలాడదీసుకుని వచ్చింది అలీ. వంటకి కుదిరి, పిట్టల తోలు వలవడం నేర్చుకున్న సరవాక్ కుర్రాడు. శాస్త్రంలో దాని పేరు మాత్రం సెమియోప్టెరా వాలెసీ. వాలెస్ వీళ్ళ సంగతి రాశాడు కాబట్టి సరిపోయింది, చాలామంది రాయలేదు.

రేవతి_కె
ఇద్దరికీ థాంక్స్. అరూ భాగం ఈ వారమే చదువుతాను. ఇంత చావు లేనిది ఏమైనా ఉందా?

పాత అట్టలు
చావు లేనిది కష్టమే! వాలెస్‌తో కలిసి అమెజాన్ వెళ్ళిన హెన్రీ బేట్స్‌ని చూడండి, అక్కడ పదకొండేళ్ళు. ఒకసారి ఏడాదిపాటు ఉత్తరం లేదు, డబ్బు లేదు, కాళ్ళకి చెప్పుల్లేవు. ఇంటి నుంచి పార్సిల్ వచ్చినప్పుడు 'ఎథీనియం' పత్రిక ప్రతి సంచికనీ మూడుసార్లు తిరగేసేవాడట, మూడోసారి ప్రకటనలన్నీ. ఆయన పుస్తకం 'ది నేచురలిస్ట్ ఆన్ ది రివర్ అమెజాన్స్' 1863 నాటి రెండు సంపుటాల ముద్రణ వెతకండి, మరుసటేడు వచ్చిన ఒంటి సంపుటంలో చాలా కోసేశారు.