డర్హమ్‌కి కొత్త, బేస్‌బాల్ ముక్క తెలీదు, వెళ్ళాలా?

కందుకూరు కుర్రాడు:
అందరికీ నమస్తే. అమెరికా నార్త్ కరోలినాలోని డర్హమ్‌లో దిగి మూడు వారాలు, ఆర్టీపీలో (రీసెర్చ్ ట్రయాంగిల్ పార్క్) జాబ్. మా ఆఫీస్ టీమ్ వాళ్ళంతా గురువారం ఇక్కడి బేస్‌బాల్ జట్టు డర్హమ్ బుల్స్ గేమ్‌కి పోదామంటున్నారు. నాకు క్రికెట్ తప్ప ఏం తెలీదు, నాన్‌వెజ్ తినను, ఏదో ఒక సాకు చెప్పి తప్పించుకోనా?

పాతకాపు:
సాకులొద్దు తమ్ముడూ, శుభ్రంగా వెళ్ళు. నేనూ మొదట్లో ఇలాగే నాలుగుసార్లు తలనొప్పి అని ఎగ్గొట్టా, ఇప్పుడు ఎండాకాలం వస్తే నెలకి రెండు గేములు చూడకపోతే తోచదు. ఇది బేస్‌బాల్‌లో అన్నిటికంటే పైనున్న మేజర్ లీగ్ కాదు, దానికి ఒక మెట్టు కింద ట్రిపుల్-ఏ, మేజర్ లీగ్ జట్టు టాంపా బే రేస్ వాళ్ళ కుర్రాళ్ళు ఇక్కడ పండి అక్కడికి పోతారు, మన రంజీ లాగా అనుకో కాకపోతే స్టేడియంలో జనం ఉంటారు :)

లెఫ్ట్ ఫీల్డ్‌లో, అంటే గ్రౌండ్ ఎడమ వైపు, 32 అడుగుల నీలం గోడ, దాని మీద పెద్ద ఎద్దు బొమ్మ. మనవాడు హోమ్ రన్ (మన సిక్సర్ లాంటిది) కొడితే ఎద్దు కళ్ళు ఎర్రగా వెలుగుతాయి, ముక్కులోంచి పొగ, తోక ఊపుతుంది. బంతి ఎద్దుకి తగిలితే ప్లేయర్‌కి స్టేక్ (మాంసం వంటకం), కింద గడ్డికి తగిలితే సలాడ్ అని బోర్డు మీదే రాసుంటుంది, అంటే నీ లాంటి వాళ్ళని కూడా మర్చిపోలేదు. నీకు ఫ్రైస్, పాప్‌కార్న్, ప్రెట్జెల్ దొరుకుతాయి, కడుపు నిండాలంటే మాత్రం ఇంట్లో పెరుగన్నం తిని బయల్దేరు.

నీకు బాగా నచ్చేది ఇంకోటుంది. అంపైర్ స్ట్రైక్ (బంతి కొట్టాల్సిన చోటికే వచ్చింది) అన్నాడనుకో, బ్యాటర్‌కి డౌటొస్తే వెంటనే హెల్మెట్ మీద తట్టుకుంటాడు, అంతే, పెద్ద స్క్రీన్ మీద బంతి ఎక్కడ పోయిందో బొమ్మ వస్తుంది, అచ్చం మన డీఆర్‌ఎస్సే, జనం అందరూ ఊఁ అంటూ చూస్తుంటారు. మేజర్ లీగ్ కంటే ముందు వీళ్ళ దగ్గరే పెట్టి చూశారు. ఇంకా పిచ్ క్లాక్ (ఇన్ని సెకన్లలో బంతి వెయ్యాలనే గడియారం) వచ్చాక సాగదీత పోయింది, మామూలుగా రెండున్నర గంటలకి అటూ ఇటూగా బయటపడతావ్.

ఒక్క జాగ్రత్త, నెట్ లేని వైపు కూర్చుంటే ఫోన్ లోపల పెట్టు. నేను వాట్సాప్ చూసుకుంటుంటే ఫౌల్ బాల్ (బ్యాట్‌కి తగిలి గీత బయటికి పోయిన బంతి) వచ్చి పక్క సీటు మీద ఠాప్‌మని పడింది, గుండె ఆగినంత పనైంది. బంతి మాత్రం తిరిగివ్వక్కర్లేదు, మా వాడి షెల్ఫ్‌లో ఉంది.

కందుకూరు అంటున్నావ్ కాబట్టి చెప్తున్నా, మనది ఒంగోలు దగ్గర, చిన్నప్పుడు కర్రలకి పొగాకు కట్టి బ్యారన్‌లో (వేడికి ఆకు ఆరబెట్టే కొట్టం) ఎక్కించడం చూస్తూ పెరిగినోళ్ళం. ఈ టీమ్ పేరు కూడా ఇక్కడి పొగాకు బ్రాండ్ మీదున్న ఎద్దు నుంచి వచ్చిందే. స్టేడియం పక్కన ఎర్ర ఇటుక బిల్డింగులు, లక్కీ స్ట్రైక్ అని రాసున్న చిమ్నీ కనిపిస్తాయి, ఒకప్పటి సిగరెట్ ఫ్యాక్టరీ అది, 1987లో మూతబడింది, ఇప్పుడు ఆఫీసులు, హోటళ్ళు. గంట ముందెళ్ళి అక్కడ తిరుగు.

ఈ గ్రౌండ్ 1995ది. పాతది డౌన్‌టౌన్‌కి ఉత్తరాన ఇంకా ఉంది, 1926లో కట్టారు, 1939లో గ్రాండ్‌స్టాండ్ తగలబడితే మళ్ళీ కట్టుకున్నారు, 1994 దాకా బుల్స్ అక్కడే. తర్వాత బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌కెక్కిన జో మోర్గన్ 1963లో అక్కడే ఆడాడు. టికెట్లమ్మిన గుండ్రటి గది మీద కోసు టోపీ లాంటి కప్పు, నాకైతే కొత్త దానికంటే అదే ఇష్టం. శనివారం పక్కనే ఫార్మర్స్ మార్కెట్, కూరగాయలు కొనుక్కుంటూ ఒక లుక్కెయ్యి.

మోరిస్‌విల్ అక్క:
క్రికెట్ మీద బెంగ పెట్టుకోకు బాబూ, పక్కనే మా మోరిస్‌విల్‌లో చర్చ్ స్ట్రీట్ పార్క్ క్రికెట్ గ్రౌండ్ ఉంది, 2023లో మేజర్ లీగ్ క్రికెట్ (అమెరికా టీ20 లీగ్) మ్యాచ్‌లు ఇక్కడా జరిగాయి. డర్హమ్‌లోని డ్యూక్ యూనివర్సిటీ బాస్కెట్‌బాల్ చూద్దామని మాత్రం ఆశ పడకు, వాళ్ళాడే కామెరన్ 1940 నాటి హాలు, సీట్లు 9,314, పిల్లలు టెంట్లేసుకుని వారాల తరబడి క్యూలో పడుంటారు.

పాతకాపు:
అవునక్కా, పక్కనే డ్యూక్ ఫుట్‌బాల్ స్టేడియం వాలెస్ వేడ్ కూడా. పెర్ల్ హార్బర్ మీద జపాన్ దాడి చేశాక ఆ భయంతో కాలిఫోర్నియాలో జరగాల్సిన రోజ్ బౌల్‌ని (కాలేజీ అమెరికన్ ఫుట్‌బాల్ పెద్ద మ్యాచ్) 1942 జనవరి 1న అక్కడ ఆడించారు, అంత దూరం ఇక్కడికి తెచ్చి సొంతూళ్ళోనే డ్యూక్ 20-16తో ఓడిపోయింది!

కందుకూరు కుర్రాడు:
వెళ్ళొచ్చా అన్నా. రూల్స్ సగమే ఎక్కాయి. ఏడో ఇన్నింగ్స్‌లో మనోడు గోడ మీదుగా లేపాడు, ఎద్దు కళ్ళు ఎర్రబడి పొగ వదుల్తుంటే వీడియో కాల్‌లో మా నాన్నకి చూపించా, ఆయన అడిగిందొక్కటే, "పొగాకు క్వింటా ఎంతుందిరా అక్కడ?"