రఫేల్ బొమ్మలో పిల్లల తల్లి పక్కన నిప్పుల కుండ ఎందుకు?

కృష్ణలంక కుర్రాడు: వాటికన్ పినకోతెకాలో (అక్కడి చిత్రశాల) రఫేల్ వేసిన చిన్న బూడిదరంగు బొమ్మ చూశాను. గుండ్రటి చట్రంలో ఒకావిడ, ఒంటినిండా పిల్లలే. మరియమ్మ అనుకుందామంటే ఇంతమంది పిల్లలేంటి? ఒక పక్క రెక్కల పిల్లాడు నిప్పుల కుండ మోస్తున్నాడు, ఇంకో పక్క ఇంకోడు నాణేలు కుమ్మరిస్తున్నాడు. గైడు ఆగకుండా వెళ్లిపోయాడు. ఎవరికైనా తెలుసా?

పాతబొమ్మలు: ఆవిడ కారితాస్ అండీ. విశ్వాసం, ఆశ, ప్రేమ అనే మూడు సుగుణాల్లో మూడోది. అటూ ఇటూ ఉన్న పలకలు మిగతా రెండూ. నిప్పు దేవుడి మీద ప్రేమకి, పాలు, డబ్బు తోటివాళ్ల మీద ప్రేమకి గుర్తు. ఫ్లోరెన్స్‌లోని ఉఫీజీ మ్యూజియంలో, పొల్లాయువోలో అనే చిత్రకారుడు వేసినావిడకీ ఒక చేతిలో మంట, ఒళ్లో బిడ్డ.

అసలు చూడాల్సింది దాన్ని వేయించినావిడని. ఇటలీలోని పెరూజా ఊళ్లో అతలాంతా బాల్యోని. 1500లో ఆమె కొడుకు, పేరు గ్రిఫోనెత్తో, సొంత బంధువుల్ని చంపిన కుట్రలో చేరాడు. తల్లి గడప తొక్కనివ్వలేదు. తప్పించుకున్నవాళ్లు తిరిగొచ్చి వాణ్ని నడివీధిలో పొడిచారు. అప్పుడు ఆ తల్లే పరిగెత్తుకొచ్చి, పొడిచినవాళ్లని క్షమించమని కొడుకుని బతిమాలిందట. మీరు చూసింది చర్చి బలిపీఠం మీద పెట్టే ఒక పెద్ద పీఠచిత్రం కింది భాగం. 1507 నాటి ఆ పీఠచిత్రం వాడి జ్ఞాపకార్థమే అంటారు. పైన పెద్ద బొమ్మలో క్రీస్తు శవాన్ని మోసుకెళ్తుంటే మరియమ్మ సొమ్మసిల్లుతుంది. దాని కిందే, సరిగ్గా మధ్యలో, ఈ పిల్లల తల్లి.

గోదారి గట్టు: కథ ఎక్కువైంది మాస్టారూ. ఇలాంటి తల్లి బొమ్మ అప్పట్లో మామూలే. ఆంద్రియా దెల్ సార్తో 1518లో ఫ్రాన్స్ రాజుకి వేసినదాంట్లోనూ ఒకడు పాలు తాగుతూ, ఒకడు నిద్రపోతూ ఉంటారు. అక్కడ ఏ కొడుకు పోయాడని? పైగా పాడువా ఊళ్లో జొత్తో అనే చిత్రకారుడు వేసిన కారితాస్‌కి పిల్లలే లేరు. డబ్బు సంచులు తొక్కుతూ గుండెకాయ పైకి అందిస్తుంది.

పాతబొమ్మలు: మామూలు పద్ధతే, కాదన్లేదు. కానీ మూడింట్లో దీన్నే తెచ్చి సొమ్మసిల్లే తల్లి ఉన్న బొమ్మ కింద నడిమధ్యన పెట్టారు కదా. (మూడింట్లో ప్రేమే గొప్పదని బైబిల్లో పౌలు ముందే రాశాడనుకోండి, ఆ లెక్కన మీదే గెలుపు.)

కృష్ణలంక కుర్రాడు: ఆ పెద్ద బొమ్మ ఎక్కడుందండీ?

పాతబొమ్మలు: రోమ్‌లోనే, బోర్గేసె గ్యాలరీలో. 1608లో కార్డినల్ స్కిపియోనె బోర్గేసె కోసం పెరూజా చర్చిలోంచి రాత్రికి రాత్రి ఎత్తుకుపోయారు. మేనమామ పోపు, అడిగేదెవరు! కింది పలకలు అక్కడే ఉండిపోయి తర్వాతెప్పుడో వాటికన్ చేరాయి. టికెట్ ముందే బుక్ చేసుకోండి, రెండు గంటలకే బయటికి పంపేస్తారు.