పదేళ్ల బాబుని హంటర్ సేఫ్టీ కోర్సుకి ఎలా సిద్ధం చెయ్యాలి?

నిజాంపేట_అమ్మ:

నమస్తే అండీ. మేముండేది టెక్సాస్‌లో. వేసవి సెలవులకి బాబుని తీసుకుని అత్తగారింటికి నిజాంపేట వచ్చాను, ఆగస్టు మొదటి వారం దాకా ఇక్కడే ఉంటాం. వాడికి పదేళ్లు. మా ఆయన స్నేహితుడొకరు ఏటా నవంబరులో జింకల వేటకి వెళ్తారు, కిందటేడు మా ఆయన్ని కూడా తీసుకెళ్లారు, అప్పటినుంచి వీడు ఈసారి నేనూ వస్తానని ఒకటే పట్టు. ముందు హంటర్ ఎడ్యుకేషన్ సర్టిఫికెట్ తెచ్చుకో, తర్వాత చూద్దాం అన్నారు వాళ్ల నాన్న. వేటలో జాగ్రత్తలు నేర్పే హంటర్ సేఫ్టీ కోర్సు పాసైతే, అక్కడ తొమ్మిదేళ్లు నిండిన పిల్లలకి ఆ సర్టిఫికెట్ ఇస్తారు. తిరిగి వెళ్లాక ఆగస్టు చివర్లో కోర్సు.

నా బాధేంటంటే మా రెండు వైపులా తుపాకీ పట్టినవాళ్లు ఎవరూ లేరు, నాకు చెప్పడం రాదు. వీడు ఆన్‌లైన్‌లో ఉన్న పుస్తకం చదివి నాలుగు సూత్రాలూ ఎక్కాల్లా అప్పజెప్పేస్తున్నాడు. ప్రతి తుపాకీలోనూ తూటా ఉన్నట్టే చూడాలి, గొట్టం మూతి ఎప్పుడూ ఎవరూ లేని వైపే ఉండాలి, కాల్చే క్షణం దాకా వేలు ట్రిగ్గర్ మీదకి పోకూడదు, దేనికి గురి పెట్టావో దాని వెనక ఏముందో తెలియాలి. అన్నీ వచ్చు. నిన్న సాయంత్రం పక్క ఫ్లాట్ పిల్లలతో దీపావళి రీళ్ల తుపాకీతో ఆడుతుంటే వాళ్ల తాతగారు పిలిచారు. వీడు తుపాకీ అలాగే పట్టుకుని గిర్రున తిరిగి "ఏంటి తాతా" అన్నాడు. మూతి సూటిగా ఆయన పొట్ట మీదకి, వేలు ట్రిగ్గర్ మీద. బొమ్మ తుపాకీయే, అయినా నా గుండె గుభేలుమంది.

ఈ రెండు నెలల్లో హైదరాబాద్‌లో ఉంటూనే వాడికి ఏం నేర్పించొచ్చు? పరీక్షంటే చాలు చెమటలు పట్టే రకం కూడా. ఇంకోటి, మా అత్తగారు మాంసం ముట్టరు, "పసివాడి చేత జీవహింస చేయిస్తారా" అని రోజూ అడుగుతున్నారు, ఆవిడకి ఏం చెప్పాలో తెలియట్లేదు.

హ్యూస్టన్_నాన్న:

మేడం, మా అమ్మాయి పదకొండేళ్లప్పుడు ఈ కోర్సు చేసింది, అందుకని రాస్తున్నా. ముందు టెన్షన్ తగ్గించుకోండి, తొందరేం లేదు. టెక్సాస్‌లో 9 నుంచి 16 ఏళ్ల మధ్య పిల్లలకి సర్టిఫికెట్ అయినా ఉండాలి, లేదా వేట లైసెన్సు ఉండి, ఈ కోర్సు తామూ పాసైన (లేదా దాని నుంచి మినహాయింపు ఉన్న) పెద్దవాళ్లు పక్కనే అయినా ఉండాలి. అంటే ఈ నవంబరుకి సర్టిఫికెట్ చేతికి రాకపోయినా నాన్న పక్కన కూర్చుని చూడటానికి అడ్డేం లేదు. వాడికి ఈ మాట ముందే చెప్పండి, సగం భయం పోతుంది. ఒకసారి వచ్చిందంటే జీవితాంతం పనికొస్తుంది, వేరే రాష్ట్రాల్లో కూడా చెల్లుతుంది.

పదిహేడు దాటినవాళ్లు మొత్తం ఆన్‌లైన్‌లోనే పూర్తి చెయ్యొచ్చు. చిన్నపిల్లలకి అలా కాదు, మనిషి ఎదురుగా నిలబడి చేసి చూపించే భాగం ఉంటుంది. అక్కడ ఇన్‌స్ట్రక్టర్లు వాడి నోటి కన్నా చేతులనే ఎక్కువ చూస్తారు. రాత పరీక్ష ఇచ్చిన వాటిలో సరైనది ఎంచుకునే రకం, ప్రతి నియమానికీ కారణం తెలిసిన పిల్లాడికి అది కష్టం కాదు. ఉదాహరణకి షాట్‌గన్ తూటాల్లో 20 గేజ్‌వి (గేజ్ అంటే గొట్టం లావు కొలత, అంకె పెరిగితే లావు తగ్గుతుంది) పసుపు రంగులో ఎందుకుంటాయని మా అమ్మాయిని ఊరికే బట్టీ పట్టమంటే మర్చిపోయేది. 20 గేజ్ తూటా పొరపాటున 12 గేజ్ తుపాకీలో పడితే గొట్టంలోకి జారి మధ్యలో ఇరుక్కుంటుంది, పైనుంచి చూస్తే తుపాకీ ఖాళీగానే కనిపిస్తుంది, అప్పుడు ఇంకో తూటా వేసి కాలిస్తే గొట్టం చేతిలోనే పేలిపోతుంది, అందుకే రంగుతో గుర్తు పెట్టారు అని చెప్పా. మళ్లీ ఎప్పుడూ మర్చిపోలేదు. మీరు కూడా తెలుగులో ఇలా కథలా చెప్పండి, ఇంగ్లీషులో చదివింది తెలుగులో తిరిగి చెప్పమనండి. సొంత మాటల్లో చెప్పగలిగితే అర్థమైనట్టే.

తుపాకీతో కంచె దాటడం మాత్రం ఇంట్లో బాగా చేయించండి, దానికి నిజం తుపాకీ అక్కర్లేదు. మీ డాబా మీద బట్టల తీగ ఉంటుంది కదా, దాన్ని కిందకి కట్టండి. చేతికి మాప్ కర్ర ఇవ్వండి, ఒక చివర మూతి అని ఎర్ర టేపు చుట్టండి. ముందు తూటాలు తీసేసినట్టు చేసి చూపించాలి, మూతి తనకి అవతలి వైపుండేలా కర్రని తీగ కింద నుంచి జరిపి నేల మీద పెట్టాలి, మూతి ముందు నుంచి కాకుండా వెనక వైపుగా తీగ దాటాలి, దాటాకే చేతిలోకి తీసుకోవాలి. పది రోజులు రోజుకి పది నిమిషాలు చాలు. పక్కన ఇంకో పిల్లాడు నడుస్తుంటే ఇంకా మంచిది, పక్కవాడు కదిలినప్పుడల్లా మూతి ఎటు తిప్పాలో అప్పుడే తెలుస్తుంది.

గచ్చిబౌలి_రైఫిల్_మదర్:

అక్కా, మా పాప రెండేళ్లుగా 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ నేర్చుకుంటోంది. హైదరాబాద్‌లో ఉన్నారు కాబట్టి దీన్ని వాడుకోండి. గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది ఈ ఆటలోనే. మన ఈషా సింగ్ పిస్టల్‌లో పదమూడేళ్లకే జాతీయ ఛాంపియన్ అయింది, 2023లో జరిగిన ఏషియన్ గేమ్స్‌లో నాలుగు పతకాలు తెచ్చింది. వాళ్ల పుణ్యమా అని ఊళ్లో పిల్లలకి నేర్పే రేంజిలు బాగానే ఉన్నాయి, నెల రోజులకి చేర్చుకునేవాళ్లు కూడా ఉన్నారు.

వేటకీ దీనికీ సంబంధం లేదనుకోకండి. గురి బోర్డు నడిమధ్య ఉండే పది పాయింట్ల వృత్తం అర మిల్లీమీటరు చుక్క, దానికి 4.5 మిల్లీమీటర్ల పెల్లెట్ (ఎయిర్ రైఫిల్ గుండు) తగిలించాలంటే ఊపిరి ఎప్పుడు ఆపాలి, ట్రిగ్గర్ ఎంత మెత్తగా నొక్కాలి అన్నీ ఒంటబడతాయి. చప్పుడు తక్కువ, భుజం మీద దెబ్బ ఉండదు, కాబట్టి భయం పట్టుకోదు. మొదటిరోజే పెద్ద రైఫిల్ ఇస్తే పిల్లలు ఆ దెబ్బకి జడిసి కాల్చేముందే కళ్లు మూసుకుంటారు, ఆ అలవాటు పోవడానికి ఏళ్లు పడుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, కోచ్ స్టాప్ అనగానే ఆపడం, రైఫిల్ కింద పెట్టి వెనక్కి జరగడం, కాల్చే వైపు ముందు మనిషి ఉంటే రైఫిల్ జోలికే పోకపోవడం. అది వాడికి నోటి పాఠం కాదు, రోజూ చేసే పని అయిపోతుంది.

చేర్చే ముందు ఒక గంట కూర్చుని చూడండి. మేం మొదట చేర్చిన చోట ఒకబ్బాయి రైఫిల్ ఇరుక్కుందని లైన్ మీద నుంచే వెనక్కి తిరిగి కోచ్‌కి చూపించాడు, మూతి కుర్చీల్లో కూర్చున్న మా అందరి మీదుగా వెళ్లింది, ఆ కోచ్ ఫోన్ మాట్లాడుతూనే అందుకున్నాడు. ఆ రోజే పాపని మానిపించేశా. కట్టిన ఫీజు తిరిగి ఇవ్వలేదు, పోతే పోయిందనుకున్నా.

ఇంట్లోకి మాత్రం ఎయిర్ గన్ కొనకండి, డాబా మీద పావురాల మీదకి పోతుంది పిల్లల మనసు. ఇంకోటి, కన్ను చూడండి. రెండు చేతులూ చాచి బొటనవేళ్ల మధ్య చిన్న సందు చేసి గోడ గడియారాన్ని చూడమనండి, తర్వాత ఒక్కో కన్నూ మూయమనండి. ఏ కన్ను తెరిచి ఉన్నప్పుడు గడియారం కదలకుండా ఉంటుందో అదే వాడి గురి కన్ను.

ఆర్మరీ_తాత:

అమ్మా, నేను పోలీసు శాఖలో ఆయుధాల గదిలో ఇరవై ఆరేళ్లు పనిచేసి రిటైరయ్యాను. వాళ్లు చెప్పినవన్నీ మంచివే. నేనొక్కటే చెప్తాను, అది పుస్తకంలో చదివితే వచ్చేది కాదు.

నా సర్వీసులో ఒకసారి డ్యూటీ దిగిన కానిస్టేబుల్ తుపాకీ నా చేతికిస్తూ "ఖాళీదే సార్" అన్నాడు. నాకన్నా సీనియర్ ఒకాయన పక్కనే ఉన్నాడు, ఆయన కూడా ఖాళీదేలే పెట్టెయ్ అన్నాడు. పెద్దాయన మాట కాదనలేక చూడకుండా తీసుకున్నాను. రాక్‌లో పెట్టబోతుంటే పేలింది. సున్నం పెచ్చు రాలి మా ముగ్గురి తలల మీద పడింది, అంతే, ఎవరికీ ఏం కాలేదు. ఆ రాత్రి నాకు అన్నం దిగలేదు. ఆ రోజు నుంచి ఎవరు ఇచ్చినా, డీఎస్పీ గారే ఇచ్చినా, తెరిచి కంటితో చూసి వేలు పెట్టి తడిమి గానీ తీసుకోలేదు.

మన ఇళ్లల్లో పెద్దవాళ్లకి ఎదురు చెప్పకూడదని పెంచుతాం. అది మంచిదే, కానీ తుపాకీ దగ్గర అదే ప్రాణం మీదకి తెస్తుంది. "అంకుల్, గొట్టం నా వైపు ఉంది" అని నీ కొడుకు ఆ స్నేహితుడి మొహం మీద అనగలగాలి. "నాన్నా, చూసి ఇవ్వండి" అనగలగాలి. పదేళ్ల పిల్లాడికి అదే అన్నిటికన్నా కష్టం. ఆ మాట అనడం ఇంట్లోనే అలవాటు చెయ్యి తల్లీ. మీరే కావాలని తప్పు చెయ్యండి, కర్ర మూతి వాడి వైపు తిప్పండి, వాడు ఆపితే సెహబాష్ అనండి, ఒక్కసారి కూడా విసుక్కోవద్దు.

ఇంకో మాట, అక్కడ ఇంట్లో తుపాకీ ఉంటే దానికి తాళం, తూటాలకి వేరే తాళం, రెండు తాళంచెవులూ వాడికి తెలియని చోట. వాడు ఎంత బుద్ధిమంతుడైనా సరే. కోర్సు కన్నా ముందు మీ ఆయన్ని ఇది అడుగు.

నిజాంపేట_అమ్మ:

బాబాయ్ గారూ, మీరు రాసింది రెండుసార్లు చదివి మా ఆయనకి పంపాను. తాళం పెట్టె కొంటానన్నారు. మరి అత్తగారి సంగతి ఎవరైనా చెప్పండి.

హ్యూస్టన్_నాన్న:

ఆవిడని ఒప్పించాలని చూడకండి, ఆవిడ నమ్మకం ఆవిడది. అబద్ధం మాత్రం చెప్పకండి, ఏదో షూటింగ్ ఆట అని. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక వేట నేరం, అమెరికాలో ఏ జంతువుని ఎప్పుడు ఎన్ని కొట్టొచ్చో లెక్కలు కట్టి ప్రభుత్వమే అనుమతిస్తుంది. తుపాకులు, తూటాల మీద వేసే పన్నుని 1937 నుంచి వన్యప్రాణుల కోసమే ఖర్చు పెట్టాలని అక్కడ చట్టం కూడా ఉంది. ఉన్నది ఉన్నట్టు చెప్పండి. బాబుకి కూడా చెప్పండి, కోర్సు చేసినంత మాత్రాన కాల్చి తీరాలని లేదని. మా అమ్మాయికి సర్టిఫికెట్ ఉంది, రెండేళ్లుగా నాతో వచ్చి బైనాక్యులర్స్‌తో చూస్తుంది తప్ప ఇంతవరకు ట్రిగ్గర్ నొక్కలేదు, నేనూ అడగలేదు.

వీలైతే అత్తగారినీ బాబునీ వనస్థలిపురం హరిణ వనస్థలికి తీసుకెళ్లండి. ఒకప్పుడు నిజాం వేటాడిన చోటు, ఇప్పుడు కృష్ణజింకల పార్కు. ఆ జాతి జింకలే ఇప్పుడు టెక్సాస్ రాంచ్‌లలో కూడా ఉన్నాయి, మన దేశపు చుక్కల దుప్పులూ ఉన్నాయి. బైనాక్యులర్స్ ఇచ్చి ఏది మగదో ఏది ఆడదో, దాని వెనక ఏముందో చెప్పమనండి. మా దగ్గర చాలా కౌంటీల్లో (జిల్లాల్లాంటివి) అక్కడి తెల్లతోక జింకల్లో మగదాన్ని కొట్టొచ్చా లేదా తెలియాలంటే, దాని కొమ్ముల మధ్య లోపలి వెడల్పు 13 అంగుళాలు ఉందా లేదా, లేకపోతే ఒక కొమ్మయినా చీలికల్లేకుండా ఉందా అని దూరం నుంచే తేల్చుకోవాలి, తేలకపోతే వదిలెయ్యాలి. రైఫిల్ మీది స్కోప్‌తో (గురి చూసే దుర్భిణితో) వెతకడం మహా తప్పు. స్కోప్ ఎటు తిరిగితే మూతీ అటే తిరుగుతుంది కదా.

నిజాంపేట_అమ్మ:

మూడు వారాలయింది, అందరికీ చెప్పాలనిపించింది. డాబా మీద తీగ కట్టాం. మొదట్లో మేం కావాలని తప్పు చేస్తే వీడు నవ్వేసేవాడు గానీ ఆపేవాడు కాదు. మొన్న సాయంత్రం మామగారు అసలు ఆట సంగతే మర్చిపోయి, బూజు దులిపి ఆ కర్రే భుజాన వేసుకుని మెట్లు దిగుతున్నారు. ఎర్ర టేపు వైపు వెనకాల వస్తున్న వీడి మొహానికి ఎదురుగా ఉంది. వీడు రెయిలింగ్ పట్టుకుని ఆగిపోయి, మొహమంతా ఎర్రబడి, కాస్త గొంతు వణుకుతుండగా "తాతా, ఆగండి, మూతి నా వైపు ఉంది" అన్నాడు. ఆయన నిజంగానే ఆగి, కర్ర దించి, "తప్పు నాదే నాన్నా" అన్నారు. వాడి మొహంలో వెలుగు చూడాలి.

హరిణ వనస్థలికీ వెళ్లొచ్చాం. అత్తయ్య కూడా వచ్చారు. వ్యాన్‌లోంచి ఒక నల్లటి మగజింక, మెలితిరిగిన కొమ్ములతో, ఎంత బాగుందో. అందరం దాన్నే చూస్తుంటే వీడు బైనాక్యులర్స్ దించకుండా "అమ్మా, దాని వెనక చెట్టు దగ్గర ఒకాయన గడ్డి కోస్తున్నాడు" అన్నాడు. మాకెవరికీ కనపడలేదు. అత్తయ్య ఏమీ అనలేదు, దారిలో వాడి తల నిమురుతూ కూర్చున్నారు. ఆవిడకి ఇప్పటికీ ఇష్టం లేదు, కానీ రోజూ అడగడం మానేశారు.

రైఫిల్ మదర్ గారూ, గడియారం పరీక్ష చేశాం. వాడు కుడిచేతి వాటం, కానీ గురి కన్ను ఎడమది వచ్చింది, మూడుసార్లు చూశాం. ఇప్పుడేం చెయ్యాలి?

గచ్చిబౌలి_రైఫిల్_మదర్:

ఇప్పుడే తెలియడం చాలా మంచిదయింది అక్కా. కన్ను మార్చలేం, భుజం మార్చొచ్చు. మొదటిరోజు నుంచే ఎడమ భుజానికి ఆనించి నేర్పించమని కోచ్‌కి చెప్పండి, ఇంకా ఏ అలవాటూ పడలేదు కాబట్టి వారంలో కుదురుకుంటుంది. ఎడమచేతి రైఫిల్ అన్ని రేంజిల్లో ఉండదు, వెళ్లేముందు ఫోన్ చేసి కనుక్కోండి. అక్కడి కోర్సులో ఇన్‌స్ట్రక్టర్‌కి కూడా ఈ సంగతి ముందే చెప్పండి, లేకపోతే కుడిచేత్తో రాస్తున్నాడని చూసి కుడి భుజానికే ఇస్తారు.