కార్క్ స్పూను మీద "ఐ డబ్ల్యూ": రెండక్షరాలు కలిస్తే పేరు పెట్టేయొచ్చా?

లిఫీఒడ్డు:
అందరికీ నమస్కారం. డబ్లిన్ వచ్చి ఆరేళ్ళయింది, పాత వెండి మీద ఇష్టం మొదలై రెండేళ్ళు. పోయిన నెల ఇక్కడ ఒక పాత సామాన్ల కొట్లో పెద్ద స్పూను కొన్నాను. పొడవు 23 సెంటీమీటర్లు, బరువు 64 గ్రాములు. కాడ చివర గుండ్రంగా కాకుండా కోసుగా ఉంది. అంచు వెంబడి సన్నటి చెక్కుడు, వెలుతురులో కదిలిస్తే మిలమిలా మెరుస్తుంది. వెనక రెండే ముద్రలు: చిన్న గడిలో "ఐ డబ్ల్యూ" అనే ఇంగ్లిషు అక్షరాలు, పక్కన పొడుగు గడిలో "స్టెర్లింగ్". కిరీటం పెట్టిన హార్ప్ (తీగల వాద్యం) బొమ్మ లేదు, ఆడమనిషి బొమ్మ లేదు, ఏడాది చెప్పే అక్షరం లేదు.

కొట్టువాడు కట్టిన చీటీలో "జాన్ విలియమ్స్, కార్క్, 1795 ప్రాంతం" అని ఉంది. కార్క్ అంటే ఐర్లండ్ దక్షిణాన ఉన్న ఊరు. ఎలా తెలిసిందని అడిగితే వెండిపనివాళ్ళ ముద్రల పట్టిక ఒకటి తెరిచి అక్షరాల మీద వేలు పెట్టి చూపించాడు. "కలిశాయి కదా" అన్నాడు. ధర మాత్రం ఆ పేరుకి తగ్గట్టే తీసుకున్నాడు. ఇంటికొచ్చాక అనుమానం పట్టుకుంది. రెండక్షరాలు కలిసినంత మాత్రాన మనిషి పేరు రాసేయొచ్చా?

గీటురాయి:
తమ్ముడూ, రాయకూడదు. చీటీ మీద "ఐ డబ్ల్యూ, ఐర్లండ్ పని కావచ్చు" అన్నంతవరకే ఉండాలి.

డబ్లిన్ స్వర్ణకారుల సంఘానికి 1637లో మొదటి చార్లెస్ రాజు సనదు ఇచ్చాడు. అప్పటి నుంచి అక్కడ పరీక్షకొచ్చిన వెండికి కిరీటం ఉన్న హార్ప్, చేసినవాడి అక్షరాలు, ఆ ఏటి అక్షరం కొట్టే పద్ధతి వచ్చింది. 1730లో ఔన్సుకి 6 పెన్నీల సుంకం వేశాక, సుంకం కట్టినట్టు గుర్తుగా కూర్చున్న హైబర్నియా బొమ్మ, అంటే ఐర్లండ్‌ని ఆడమనిషిగా చూపే బొమ్మ, చేరింది. 1807లో రాజు తల కూడా వచ్చింది. ఇన్ని ముద్రలుంటే ఒకటి అరిగినా ఇంకొకటి ఆదుకుంటుంది. "ఆర్ సీ" అనే అక్షరాల పక్కన 1740ల నాటి డబ్లిన్ ముద్రలు తేటగా ఉంటే రాబర్ట్ కాల్డర్‌వుడ్ పేరు కొంత ధైర్యంగా ఎత్తొచ్చు.

కార్క్‌లో అస్సే ఆఫీసు, అంటే వెండిని పరీక్షించి ముద్ర కొట్టే ఆఫీసు, ఎప్పుడూ లేదు. డబ్లిన్ 250 కిలోమీటర్ల దూరం. గతుకుల దారి, దొంగల భయం, పైగా సరుకు తిరిగొచ్చేదాకా డబ్బు ఆగిపోతుంది. అందుకే అక్కడి పనివాళ్ళు చాలామంది తమ అక్షరాల పక్కన "స్టెర్లింగ్" అని తామే కొట్టుకున్నారు. వెయ్యికి 925 పాళ్ళు వెండి ఉందని వాళ్ళ హామీ అది, పుటం పెట్టి చూసిన మూడో మనిషి సాక్ష్యం కాదు. 17వ శతాబ్దంలో ఆ ఊరి చిహ్నంలోని ఓడనీ కోటనీ ముద్రగా కొట్టేవాళ్ళు. తర్వాత అవీ పోయాయి. "స్టెర్లింగ్" అన్న మాట ఐర్లండ్‌లోనే ఇంకో ఊరైన లిమెరిక్ వెండి మీదా కనిపిస్తుంది. 19వ శతాబ్దం రెండో సగానికి అమెరికాలో ఆ మాట మామూలైపోయింది.

ఇక ఆ "ఐ" సంగతి. పాత అక్షరాల్లో "జే" బదులు "ఐ" చెక్కేవాళ్ళు. కాబట్టి అది జాన్ కావచ్చు, జేమ్స్ కావచ్చు, జోసెఫ్, ఐజాక్ ఎవరైనా కావచ్చు. డబ్లిన్‌లోనే 1700కి అటూ ఇటూ జోసెఫ్ వాకర్ అని ఒకాయన పనిచేశాడు, ఆయనవీ ఇవే అక్షరాలు. మన కాలనీలో గేటు మీద "కె. శ్రీనివాసరావు" అని బోర్డు చూసి ఈయన మన బ్యాంకు శ్రీనివాసరావే అనేస్తామా?

రాగిచెంబు:
మాస్టారూ, మీరు చెప్పిన చరిత్రతో నాకు పేచీ లేదు, తీర్పుతోనే పేచీ. మీరు స్పూను తిరగేసి ముద్రలే చూస్తున్నారు, వస్తువును చూడటం లేదు.

కోసు చివర ఉన్న కాడ ఐర్లండ్ పనిలో బాగా కనిపించే ఆకారం. ఆ మెరుపు చెక్కుడు 18వ శతాబ్దం చివరి దశాబ్దాల వాడుక. ఉలి మొనను అద్దంలా పాలిష్ చేసి ఏటవాలుగా కోస్తే ఆ గాట్లు రత్నం పట్టెల్లా మెరుస్తాయి. అంటే వాకర్ కాలం దాటి చాలా దూరం వచ్చేశాం. 1860ల అమెరికా స్పూను ఇలా ఉండదు. దీనికి అస్సే ముద్రలు లేకపోవడం, "స్టెర్లింగ్" ఉండటం కలిపితే ఐర్లండ్ దక్షిణ భాగం దాకా వచ్చాం. ఇప్పుడు ఆ చోట, ఆ ఇరవై ముప్ఫై ఏళ్ళలో "ఐ డబ్ల్యూ" అక్షరాలతో వెండిపని చేసినవాళ్ళు ఎంతమంది ఉంటారు? శ్రీనివాసరావు పోలిక ఇక్కడ కుదరదు. ఊరు తెలిసి, వీధి తెలిసి, వృత్తి తెలిసి వెతుకుతున్నాం. పైగా 1784 చట్టం ప్రకారం దేశంలోని వెండి, బంగారం పనివాళ్ళంతా డబ్లిన్ సంఘంలో పేరు నమోదు చేసుకోవాలి. ఊళ్ళలో ఉన్నవాళ్ళు మరీ గాలిలో కలిసిపోలేదు.

డబ్లిన్ ముద్రల్ని కూడా మీరు కాస్త ఎక్కువ నమ్ముతున్నారేమో. 18వ శతాబ్దంలో ఏడాది అక్షరం కొట్టని డబ్లిన్ సరుకు బోలెడుంది. దానికి తేదీ చెప్పేటప్పుడు మీరూ ఆకారమే చూస్తారు కదా.

ఉలిసుత్తి:
నేను వెండి సేకరించను. మాది నరసాపురం, ఇంట్లో మూడు తరాల బంగారప్పని. ముద్ర గురించి ఒక మాట.

ముద్ర కొట్టే పంచ్ ఉక్కుది. చేత్తో చెక్కేవాళ్ళు కాబట్టి ఒకే మనిషి చెక్కిన రెండు పంచ్‌లు కూడా అచ్చంగా ఒకేలా ఉండవు. మా తాతగారి పంచ్‌లో ఒక అక్షరం కాలు కొంచెం విరిగిపోయింది. ఆ తర్వాత ఆయన చేసిన ప్రతి గాజు మీదా ఆ విరిగిన కాలే. ఊళ్ళో అవే అక్షరాలవాళ్ళు ఇంకెవరున్నా, ఆ కాలు చూసి ఇది మాదే అని ఇప్పటికీ చెప్పగలను.

అందుకని అన్నా, అక్షరాలు ఏమిటన్నది వదిలేసి గడి ఆకారం చూడండి. మూలలు చదరమా, కోసేసినట్టున్నాయా? మధ్యలో చుక్క ఉందా? డబ్ల్యూ నడిమి గీతలు ఒకదాన్నొకటి దాటాయా, కలిసి ఆగాయా? ఎక్కడైనా నొక్కు ఉందా? ఫోటో తీసే ముందు పాలిష్ మాత్రం పెట్టొద్దు.

ఇంకోటి. ఆరు స్పూన్ల సెట్టు దొరికితే ముద్రలు పక్కపక్కన పెట్టి చూడండి. సుత్తితో కొట్టిన ముద్ర ఒక్కో స్పూను మీద కాస్త అటూ ఇటూ జరుగుతుంది, ఒకటి లోతుగా, ఒకటి పైపైన పడుతుంది. ఆరింటి మీదా ఒకే చోట, ఒకే వంకరతో ఉంటే అవి అచ్చు తీసి పోసినవి. అంచులు మెత్తగా, అక్షరాల మధ్య సూదిమొనంత బుడగలు కూడా కనిపిస్తాయి.

లిఫీఒడ్డు:
థాంక్స్ తమ్ముడూ. నిన్న రాత్రి కూర్చున్నాను. ఫోటోలో మెరుపు తప్ప ఏమీ రావడం లేదని ఒక పాత పద్ధతి చేశాను. నూనె దీపం మసి ముద్ర మీద పలచగా పట్టించి, దాని మీద సెలోటేపు అద్ది, ఎత్తి తెల్ల కాగితం మీద అంటించాను. కంటికి కనపడనివన్నీ బయటపడ్డాయి.

గడి దీర్ఘచతురస్రం, మూలలు చదరమే. అక్షరాల మధ్య చుక్క లేదు. డబ్ల్యూ నడిమి గీతలు దాటలేదు, పైన కలిసి ఆగాయి. "ఐ" కాలి దగ్గర ఎడమవైపు అడ్డగీత లేదు, కుడివైపు ఉంది. పంచ్ అక్కడ విరిగిందో, ఇక్కడ స్పూను అరిగిందో చెప్పలేను. అక్షరాల మీద నోటి ఆవిరి ఊది చూశాను, వేరే చోటి నుంచి ముద్ర కోసి తెచ్చి అతికిన గీత ఏమీ కనపడలేదు.

ఆదివారం కాలిన్స్ బరాక్స్‌లోని నేషనల్ మ్యూజియంకి కూడా వెళ్ళాను. వెండి గదుల్లో రెండు గంటలు తిరిగాను. వస్తువులు అద్భుతం. కానీ అద్దం వెనకున్న గిన్నె అడుగున ఏముందో మనకి కనపడదు కదా, అక్కడే ఆగిపోయాను.

గీటురాయి:
మంచి పని చేశావు. ఆ మసి కాగితం పారేయకు, ఆ చీటీ కంటే దానికి విలువెక్కువ.

రాగిచెంబుగారి మాటలో ఒకటి ఒప్పుకుంటాను. ఆకారం, చెక్కుడు చూసి "ఐర్లండ్, 1780 నుంచి 1810 లోపు" అనడం న్యాయమే. నా "కావచ్చు" అక్కడి నుంచి తీసేస్తాను. కానీ అక్కడి నుంచి ఒక మనిషి దగ్గరికి దూకడం వేరు. పేరు పెట్టగానే ధర మారుతుంది. కార్క్, లిమెరిక్ సరుకు డబ్లిన్ కంటే అరుదు కాబట్టి అమ్మేవాడి చెయ్యి ఎప్పుడూ అటే మొగ్గుతుంది. ఒకరు రాసిన చీటీని రెండోవాడు కేటలాగులో ఎక్కిస్తాడు, మూడోవాడు ఆ కేటలాగునే రుజువుగా చూపిస్తాడు. ఇరవై ఏళ్ళ తర్వాత మొదటి చీటీ ఎవరు రాశారో ఎవరికీ గుర్తుండదు. నేను మోసపోయింది అలాగే. ఒక వేలంలో కొన్న క్రీము జగ్గు పేరు పదేళ్ళు నమ్మాను. చివరికి పంచ్ పోల్చి చూస్తే గడి ఆకారమే వేరు.

అసలు ఆ అక్షరాలు పనిచేసిన చెయ్యి ఎవరిదో చెబుతాయా? అవి సరుకుకి బాధ్యత వహించే కొట్టు యజమానివి. లోపల సుత్తి పట్టింది శిష్యుడో, కూలికి వచ్చినవాడో. 19వ శతాబ్దం మొదట్లో డబ్లిన్ అమ్మకందార్లు వెస్ట్, లా అనే ఇంటిపేర్లవాళ్ళు తమ పేరు కూడా సరుకు మీద కొట్టించుకున్నారు. ఆ పేరు చదివి వాళ్ళే చేశారనుకున్న సేకరణదారులు ఎందరో.

రాగిచెంబు:
మాస్టారూ, ఆ చివరి మాటే నేనూ అడ్డం తిప్పి చెబుతాను. అక్షరాలు కొట్టువే అయితే, ఆ కొట్టు కథ చెప్పకుండా ఎందుకు ఊరుకోవాలి?

కార్క్‌లో కార్డెన్ టెర్రీ అనే పేరున్న పనివాడు. ఆయన దగ్గర పని నేర్చుకున్న జాన్ విలియమ్స్ ఆయన కూతురు జేన్‌ని పెళ్ళి చేసుకున్నాడు. జాన్ పోయాక 1807 ప్రాంతంలో జేన్ తండ్రితో కలిసి కొట్టు నడిపింది. వాళ్ళ ముద్రలో పైన "సీ టీ", కింద "ఐ డబ్ల్యూ". ఆ "ఐ" జాన్ కాదు, జేన్. పట్టికలో అక్షరాలు మాత్రమే చూసి ఊరుకుంటే ఈమె కనిపించదు. నేను మొదటిసారి ఆ ముద్ర చూసినప్పుడు చాలాసేపు స్పూను కింద పెట్టలేకపోయాను. రెండు వందల ఏళ్ళ కిందటి ఒక ఆడమనిషి తన అక్షరాలు తండ్రి అక్షరాల కింద ఉక్కులో చెక్కించుకుంది. పేర్లు పెట్టడానికి భయపడుతూ కూర్చుంటే మనం పోగొట్టుకునేది ఇలాంటివే.

గీటురాయి:
అమ్మా, జేన్ పేరు మనకి తెలిసింది పంచ్ వల్లే కదా. నాలుగక్షరాలు ఒకే గడిలో, ఎప్పుడూ అదే అమరికలో ఉన్నాయి కాబట్టే. ఆ రుజువు ఈ స్పూనుకీ దొరకాలనే నా పట్టుదల. దొరికిన రోజు జాన్ పేరు నేనే రాసిస్తాను.

ఉలిసుత్తి:
ఇప్పుడు మన బంగారు నగల మీద 2021 నుంచి ఆరు అక్షరాంకెల హెచ్‌యూఐడీ ఉంటుంది. ఫోన్‌లో కొడితే ఎవరు హాల్‌మార్క్ చేయించారో వచ్చేస్తుంది. పాతదానికి అలాంటిది లేదు కాబట్టి ఒకరి దగ్గరున్న ముద్ర ఇంకొకరికి చూపించుకోవడమే దారి. ఇక్కడ ఇంకెవరి దగ్గరైనా ఇవే అక్షరాలున్న స్పూను ఉందా?

లిఫీఒడ్డు:
చీటీ మార్చాను. "ఐర్లండ్, 1780–1810, అస్సే ముద్రలు లేవు, 'స్టెర్లింగ్'. కార్క్ పని అనిపిస్తోంది. జాన్ విలియమ్స్ పేరుతో అమ్మారు, పంచ్ పోల్చలేదు." పేరు కొట్టేయలేదు, ఎవరు చెప్పారో కూడా పక్కనే రాశాను. మాస్టారికి, అక్కకి ఇద్దరికీ కోపం రాదనుకుంటాను.

రాగిచెంబు:
కోపమెందుకు తమ్ముడూ. నా దగ్గర ఒకటి ఉంది, ఇందాకే బీరువాలోంచి తీశాను. టీ స్పూను, ఇదే చెక్కుడు, "స్టెర్లింగ్" కూడా ఉంది. కానీ నాదాంట్లో ఐకీ డబ్ల్యూకీ మధ్య చుక్క ఉంది. "ఐ" కాలికి రెండు వైపులా అడ్డగీతలున్నాయి. ఇన్నేళ్ళూ నేను దాన్ని జాన్‌దే అనుకున్నాను.

గీటురాయి:
ఇద్దరూ మసి అద్దిన కాగితాలు ఒకే కొలతలో, పక్కన స్కేలు పెట్టి ఫోటో తీసి పంపండి. చిన్న స్పూనుకి చిన్న పంచ్ వేరే వాడతారు, కాబట్టి తేడా చూడగానే ఇద్దరు మనుషులని అనలేం. గడి పొడవు ముందు కొలవండి.

రాగిచెంబు:
కొలిచాను. నాది 5 మిల్లీమీటర్లు. నీది చెప్పు తమ్ముడూ.